వేదిక మీదికి ఎవరి పేరు

పాటకు పురస్కారం ఇవ్వడం పైకి కనిపించినంత తేలికైన పని కాదు. కథకు రచయిత ఒకరే ఉండవచ్చు, బొమ్మకు చిత్రకారుడు ఒకరే ఉండవచ్చు గాని, పాట దగ్గరికి వచ్చేసరికి మాట కట్టినవారు, బాణీ కూర్చినవారు, గొంతు ఇచ్చినవారు, వాద్యం పట్టినవారు, వంత పలికినవారు, సినిమా పాటైతే దానికి ఆడినవారు, ఆట నేర్పినవారు, శబ్దాన్ని పట్టి సరిచేసినవారు అందరూ ఒక్కచోట కలుస్తారు. వీరిలో ఎవరి పేరు పిలవాలో, ఎవరి చేతికి ప్రతిమ అందించాలో ప్రతి పురస్కార సంస్థ నిబంధనల రూపంలో ముందే తేల్చి పెట్టుకుంటుంది. ఒక సంస్థ తేల్చిన తీరు మరో సంస్థకు సరిపడదు. అందువల్ల ఒక సంగీత బృందం పురస్కార సభకు వెళ్ళినప్పుడు, అందరూ ఒకే భవనంలో అదే రాత్రి గడిపినా, ఒక్కొక్కరికి మిగిలే అనుభవం వేరు. 2023 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' చిత్రంలోని 'నాటు నాటు' పాట బృందం ఆస్కార్ సభకు వెళ్ళిన సందర్భంలో ఈ తేడా తెలుగువారందరి కళ్ళ ముందే కనిపించింది, అయితే గెలిచిన సంబరంలో దానిని పట్టించుకున్నవారు తక్కువ.

రామకృష్ణాపూర్, మందమర్రి, గోదావరిఖని వంటి బొగ్గు పట్టణాల్లో 'బ్యాండు' అనగానే చాలామందికి ముందు గుర్తుకు వచ్చేది పెళ్ళి ఊరేగింపులో నడిచే బ్యాండు మేళం. కొత్త తరం నోట ఈ మాటకు మరో అర్థం స్థిరపడింది: సొంత పాటలు తామే రాసుకుని, తామే కట్టుకుని, తామే పాడే చిన్న గుంపు. హైదరాబాదులో పుట్టిన 'చౌరస్తా' బ్యాండు ఈ రెండో కోవకు చెందినది. మేళమైనా, చౌరస్తా వంటి గుంపైనా, ఒగ్గు కథ చెప్పే జట్టైనా, సినిమా పాట వెనుక పనిచేసే పెద్ద సమూహమైనా, వీటన్నింటిలో ఉమ్మడిగా కనిపించే లక్షణం ఒకటుంది. పని అయిపోయాక ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పడం పని చేసినవారికే కష్టం. పురస్కార సంస్థ పని మాత్రం సరిగ్గా ఆ విడదీతతోనే మొదలవుతుంది.

'నాటు నాటు' రచయిత చంద్రబోస్‌ది ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలోని చల్లగరిగ గ్రామం. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఏరియాల్లో ఒకటి కాబట్టి బొగ్గు ప్రాంతపు పాఠకులు ఆయనను పొరుగువాడిగా లెక్కించుకున్నా తప్పు లేదు. పాటలో తొంభై శాతం ఒక పూటలోనే వచ్చిందని, మిగిలిన పది శాతం పూర్తి కావడానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందని ఆయన పలు సందర్భాలలో చెప్పారు. తన పల్లె బాల్యపు తిండి, జాతర, చెట్టు నీడ వంటి గుర్తులనే అందులోకి తెచ్చారు. సంగీత దర్శకుడు కీరవాణి దానికి ఆరు లెక్కల నడకను ఎంచుకున్నారు, అనగా ప్రతి ఆవృత్తం ఆరు దెబ్బలుగా, మూడేసి దెబ్బల రెండు గుత్తులుగా నడిచే తాళాన్ని. జాతరలో డప్పు దరువుకు కాలు కదిపినవారికి ఈ నడక పేరు తెలియకపోయినా ఒళ్ళు గుర్తుపడుతుంది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. ప్రేమ్ రక్షిత్ ఆట కూర్చారు. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, ఆ దేశాధ్యక్షుడి అధికారిక నివాసమైన మారిన్‌స్కీ భవనం ముందు ఎన్టీఆర్, రామ్‌చరణ్‌ల మీద చిత్రీకరణ జరిగింది.

ఆస్కార్‌లో పాటకు ఉన్న విభాగం 1934 నాటి చిత్రాలతో మొదలైంది. దానిని తెలుగులో 'ఉత్తమ మౌలిక గీతం' అనవచ్చు. మౌలికం అంటే ఆ చిత్రం కోసమే కొత్తగా రాసి, కట్టినది అని అర్థం. ఈ విభాగపు నిబంధన ప్రకారం పాట అంటే మాటా, బాణీ మాత్రమే. అందువల్ల గౌరవం సంగీత దర్శకుడికీ గీత రచయితకూ చెందుతుంది తప్ప, పాడినవారికి, వాయించినవారికి, ఆడినవారికి, ఆట కూర్చినవారికి చెందదు. ఎంపిక కూడా అంచెలంచెలుగా సాగుతుంది: అకాడమీ సభ్యుల్లో సంగీత శాఖకు చెందినవారు మొదట 15 పాటల జాబితాను వడపోస్తారు, అందులోంచి అయిదింటిని నామినేషన్‌కు, అనగా తుది పోటీకి నిలబెడతారు, చివరి ఓటు మాత్రం అన్ని శాఖల సభ్యులది. 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబ్, జనవరి 15న క్రిటిక్స్ ఛాయిస్ పురస్కారాలు గెలిచిన తరువాత జనవరి 24న ఈ పాట ఆ అయిదింటిలో చేరింది. అదే వరుసలో లేడీ గాగా పాట, రిహానా పాట ఉన్నాయి. పాశ్చాత్య దేశాల్లో ఈ ఇద్దరి పేర్లు తెలియనివారు అరుదు.

సభ మార్చి 12 ఆదివారం సాయంత్రం లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్‌లో జరిగింది. మన కాలమానంలో అది 13వ తేదీ సోమవారం తెల్లవారుజాము, బొగ్గు పట్టణాల్లో మొదటి షిఫ్టుకు జనం తయారయ్యే వేళ. పోటీలో నిలిచిన పాటలను సభలో ప్రదర్శించే ఆచారం ఆస్కార్‌కు అప్పట్లో ఉండేది గనుక బృందం ముందు రెండు వేర్వేరు పనులు ఉన్నాయి: పాటను వేదిక మీద నిలబెట్టడం ఒకటి, పేరు పిలిస్తే వెళ్ళి అందుకోవడం రెండు. మొదటి పని చేసేవారు, రెండో పనికి అర్హులైనవారు వేరువేరు మనుషులు కావడమే ఆ రాత్రి విశేషం.

వేదిక మీది ప్రదర్శన సినిమాలోని పాటకు నకలు కాలేదు, కావడానికి వీలూ లేదు. సినిమాలో గొంతులు స్టూడియోలో పొరలు పొరలుగా నమోదై, ఆట వేరుగా అనేక రోజుల పాటు ముక్కలు ముక్కలుగా చిత్రమై, కూర్పు గదిలో ఒకటైనవి; సభలో అదంతా ఒక్క ఊపులో, సరిదిద్దుకునే అవకాశం లేకుండా, కోట్లమంది చూస్తుండగా జరగాలి. తక్కువ వ్యవధిలో సాధన చేసి వేదిక మీద ఆడడానికి కథానాయకులిద్దరూ సుముఖంగా లేరని ఉత్సవ నిర్వాహకులు వివరించారు. వారు ప్రేక్షకుల్లో కూర్చున్నారు. వారి స్థానంలో అమెరికాలోని నర్తకులతో కొత్త బృందం కట్టారు. హిందీ చిత్రాల ద్వారా మన ప్రేక్షకులకు కొంత పరిచితురాలైన లారెన్ గాట్లీబ్ అందులో ప్రధాన నర్తకి. భారతీయ గీతానికి ఆడిన ఆ బృందంలో దక్షిణాసియా మూలాలవారు దాదాపు లేరన్న విమర్శ అమెరికాలోని భారతీయ నర్తకుల నుంచే వచ్చింది, ఆ విమర్శలో న్యాయం ఉంది. దరువు ఎవరిదైనా కాలు ఎవరిదైనా కావచ్చునని వాదించవచ్చు గాని, ప్రపంచ వేదిక మీద తమ ఆటకు తమను పిలవరన్న బాధను ఆ వాదం తీర్చదు.

అసలు బృందం నుంచి ఆ ప్రదర్శనలో వేదిక మీద కనిపించినవారు ఇద్దరు గాయకులే. దీపికా పదుకొణె సభకు పాటను పరిచయం చేశాక, సినిమాలోని భవనాన్ని తలపించే నేపథ్యం ముందు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగులోనే ప్రత్యక్షంగా పాడారు. పాత హైదరాబాదు గల్లీల్లో పెరిగి, సొంత పాటలను అంతర్జాలంలో పెట్టుకుంటూ పేరు తెచ్చుకున్న ఒక యువకుడు, సంగీత దర్శకుడి ఇంట్లో పుట్టి పెరిగిన మరో యువకుడు, అంతటి వేగంతో పరుగెత్తే పదాలను, వాటి అర్థం తెలియని సభకు, ఊపిరి తడబడకుండా అందించారు. పాట ముగిసేసరికి సభ లేచి నిలబడింది.

ఆ తరువాత విజేతను ప్రకటించినప్పుడు కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కారు. ఆస్కార్‌లో విజేతల మాటకు కేటాయించే సమయం సుమారు 45 సెకన్లు. ఆ గడువు దాటితే వాద్యబృందం సంగీతం మొదలుపెట్టి మాట్లాడేవారిని సాగనంపుతుంది. కీరవాణి ఆ సమయాన్ని మాటలతో గాక పాటతో నింపారు: తాను కార్పెంటర్స్ అనే అమెరికన్ బృందం పాటలు వింటూ పెరిగానని చెప్పి, వారి ప్రసిద్ధ గీతం ఒకదాని బాణీలో తన కృతజ్ఞతను పాడి వినిపించారు. పదాలతో బతికే చంద్రబోస్‌కు మిగిలింది 'నమస్తే' అనే ఒక్క మాటకు సరిపడా సమయమే. అదే రాత్రి 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అనే లఘు డాక్యుమెంటరీకి పురస్కారం వచ్చినప్పుడు దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ మాట్లాడిన తరువాత నిర్మాత గునీత్ మోంగా నోరు విప్పేలోగా సంగీతం మొదలైంది. వేదిక ఎక్కగలిగినవారిలో సైతం రెండో మనిషికి గడియారం దయ చూపదన్నమాట.

అదే సభను లేపి నిలబెట్టిన గాయకులిద్దరూ ప్రతిమ అందుకునే దృశ్యంలో లేరు. దీనిని అన్యాయమని అనడానికి ముందు నిబంధన ఎందుకు అలా ఉందో చూడాలి. ఒకే పాటను ఎందరైనా పాడవచ్చు, పాడిన ప్రతిసారీ అది కొత్త ప్రదర్శన అవుతుంది, రాత, బాణీ మాత్రం మారవు గనుక పాటకు స్థిరమైన కర్తలు వారేనన్న భావన అచ్చయిన స్వరపత్రాలు అమ్ముడుపోయే కాలం నాటిది. సినిమా పాటకు ఈ భావన అంతగా అతకదు, ఎందుకంటే శ్రోతకు తెలిసినది కాగితం మీది గీతం కాదు, ఫలానా గొంతుతో ఫలానా దరువుతో నమోదైన శబ్దమే. 2009లో 'జై హో' గెలిచినప్పుడూ ఇదే జరిగింది: ప్రతిమలు ఏ.ఆర్. రెహమాన్‌కూ గుల్జార్‌కూ దక్కాయి, ప్రధానంగా ఆ పాటను మోసిన సుఖ్విందర్ సింగ్ గొంతుకు కాదు. మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ పాటకే వచ్చిన పురస్కారంలో తన్వీ షా పేరు కూడా చేరింది గాని, అది పాడినందుకు కాదు, అందులోని స్పానిష్ పంక్తులు రాసినందుకు. గాయని సభా మర్యాద పొందింది రచయిత్రిగా.

గ్రామీ పురస్కారాలు పూర్తిగా సంగీతానికే పరిమితమైనవి, 1959 నుంచి అమెరికాలో ఇస్తున్నవి. వాటి ప్రతిమ పాతకాలపు గ్రామఫోన్ రూపంలో ఉంటుంది. అక్కడ చిక్కును వేరే విధంగా విప్పారు. ఏడాది ఉత్తమ గీతం ఒక విభాగం, ఏడాది ఉత్తమ రికార్డు మరో విభాగం. మొదటిది రాసి కట్టినవారికి, రెండోది పాడినవారికీ, నిర్మాతలకూ, శబ్దాన్ని తీర్చిదిద్దిన ఇంజనీర్లకూ. అంతేగాక బృందాన్ని బృందంగానే గుర్తించే వీలుంది. 2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 66వ గ్రామీ సభలో 'శక్తి' బ్యాండు తన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కు ప్రపంచ సంగీత విభాగంలో పురస్కారం గెలుచుకుంది. ఇంగ్లండులో పుట్టిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ 1970ల తొలినాళ్ళలో మొదలుపెట్టిన ఆ బృందంలో అప్పుడు ఘటం వాయించిన విక్కు వినాయక్‌రామ్ స్థానంలో ఈ పురస్కారం నాటికి ఆయన కుమారుడు సెల్వగణేశ్ ఉన్నారు. గాత్రం శంకర్ మహదేవన్‌ది, వయోలిన్ గణేశ్ రాజగోపాలన్‌ది. పురస్కారం పేరు బ్యాండుది గనుక ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్క రాలేదు.

అయితే గ్రామీ సభకు మరో వింత ఉంది. విభాగాలలో అత్యధిక భాగం టెలివిజన్ ప్రసారానికి ముందే, మధ్యాహ్నం జరిగే 'ప్రీమియర్ సెర్మనీ' అనే తొలి సభలో ఇచ్చివేస్తారు; రాత్రి కోట్లమంది చూసే కార్యక్రమంలో మిగిలేవి ప్రజాదరణ ఉన్న కొన్ని విభాగాలు, ఎక్కువగా ప్రదర్శనలు. 'శక్తి' అందుకున్నది ఆ మధ్యాహ్నపు సభలో. ఆ రోజు జాకిర్ హుస్సేన్ వేర్వేరు ఆల్బమ్‌లకు, ప్రదర్శనలకు కలిపి మూడు పురస్కారాలు పొందారు. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన కన్నుమూశారు.

మన దేశపు జాతీయ చలనచిత్ర పురస్కారాలు పాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో విభాగం పెట్టాయి: సంగీతానికి, నేపథ్య సంగీతానికి, సాహిత్యానికి, గాయకుడికి, గాయనికి, నృత్య దర్శకత్వానికి వేరువేరు. 2023 అక్టోబర్ 17న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో 69వ పురస్కారాలు అందించినప్పుడు 'ఆర్ఆర్ఆర్' బృందంలో ఆస్కార్ నిబంధన పక్కన పెట్టినవారిలో కొందరు వేదిక ఎక్కారు. ప్రేమ్ రక్షిత్‌కు నృత్య దర్శకత్వానికి, కీరవాణికి నేపథ్య సంగీతానికి, కాలభైరవకు ఉత్తమ గాయకుడిగా పురస్కారాలు వచ్చాయి. కాలభైరవకు వచ్చినది 'నాటు నాటు'కు కాదు, సుద్దాల అశోక్‌తేజ రాసిన 'కొమురం భీముడో' పాటకు. ఆ పాట తలచుకునే వీరుడు కొమురం భీం పేరుతో ముడిపడిన జోడేఘాట్ ఉన్న ఆసిఫాబాద్ జిల్లాలోనే సింగరేణి గోలేటి గనులు కూడా ఉన్నాయి. చంద్రబోస్‌కు అదే సభలో ఉత్తమ గీత రచయిత గౌరవం దక్కింది గాని అదీ మరో చిత్రానికి, 'కొండపొలం'కు. మొత్తానికి ప్రపంచాన్ని ఊపిన పాటకు జాతీయ పురస్కారాల్లో సాహిత్యం, గానం పద్దుల కింద ఏమీ రాలేదు. రాహుల్ సిప్లిగంజ్‌కు తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో కోటి రూపాయల నజరానా ప్రకటించింది; ఏ విభాగంలోనూ ఇమడని మనిషికి విభాగం లేకుండానే ఇచ్చిన గౌరవం అది.

2025 సెప్టెంబర్ 23న అదే విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా 71వ పురస్కారాలు అందినప్పుడు 'బలగం' చిత్రంలోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయితగా నిలిచారు. బొగ్గు గనుల నేపథ్యంలో తీసిన 'దసరా' చిత్రానికి పాటలు రాసినందున ఆయన పేరు గోదావరిఖని దిక్కున ముందే పరిచితం. ఆ పాట పాడిన ఇద్దరిలో మంగ్లీతో పాటు ఉన్న రామ్ మిరియాల మొదట చెప్పుకున్న 'చౌరస్తా' బ్యాండు నుంచి వచ్చినవారే. అయితే 'బలగం' చూసి ఊరూరా జనం కంటతడి పెట్టినది చివరి ఘట్టంలో బుడగ జంగాల కథాగాన పద్ధతిలో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటకు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య మూత్రపిండాల వ్యాధితో 2024 డిసెంబరులో మరణించారు.

జానపద కళాకారుల దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు మరింత ముదురుతుంది. పద్మ పురస్కారాలు వ్యక్తులకు మాత్రమే ఇస్తారు. వాటితో డబ్బు రాదు, పతకంతో పాటు రాష్ట్రపతి సంతకం చేసిన సనదు, అనగా అధికారిక గౌరవ పత్రం, ఒకే పేరుతో వస్తుంది. సింగరేణి గనులున్న మణుగూరు మండలంలోని కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన కోయల డోలి కళాకారుడు. డోలి అనే పెద్ద వాద్యాన్ని వాయిస్తూ కోయ వంశాల పుట్టుపూర్వోత్తరాలను, సమ్మక్క సారలమ్మల చరిత్రను గానం చేసే ఆ విద్యను తెలిసినవారు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పద్మశ్రీకి ముందు ఏడాది, 2021లో, ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ పొందారు. గుస్సాడీ ఒక్కరు ఆడే ఆట కాదు: దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీలు ధరించిన గోండు నర్తకులు దండారి బృందంగా ఊరూరా తిరుగుతారు, వాద్యకారులు వెంట నడుస్తారు. గురువుగా బృందాన్ని తీర్చిదిద్దినవాడికి గౌరవం ఇవ్వడం సబబే. కాని సనదు మీద పేరు రాసే గీత ఒక్కటే ఉండడం వల్ల మిగిలినవారు సభలో లెక్కకు రారు. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చినప్పుడూ అంతే. ఆయన కథలో ప్రతి పాదానికీ వంత పలికి ఎత్తుకునేవారు, డోలు కొట్టేవారు లేకుంటే ఒగ్గు కథ అనే ప్రక్రియే లేదు.

ఇక ప్రజా గాయకుడు గద్దర్ పేరుతో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన చలనచిత్ర పురస్కారాలు 2025 జూన్ 14న హైదరాబాదు హైటెక్స్‌లో తొలిసారి ప్రదానమయ్యాయి. బొగ్గు బాయిల కార్మికులకు గద్దర్ పాట తెలిసినది సభల్లోనూ సమ్మెల్లోనూ గాని పురస్కార వేదికల మీద కాదు. 'ఒరేయ్ రిక్షా' చిత్రంలోని పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తిరస్కరించిన సంగతి తెలిసినవారికి ఈ పేరు పెట్టడంలోని చమత్కారం బోధపడకపోదు.

రామకృష్ణాపూర్ వంటి చోట పాటకు గౌరవం జరిగే పద్ధతులు రెండు. మొదటిది కంపెనీది: 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడిన రోజుకు గుర్తుగా ప్రతి డిసెంబర్ 23న ఏరియాల్లో జరిగే సింగరేణి దినోత్సవ వేదిక, దాని మీద ఆడిపాడిన కార్మికులకు, పిల్లలకు జ్ఞాపికలు, శాలువలు. రెండోది అంతకంటే పాతది, ఊళ్ళ నుంచి గనుల్లోకి వచ్చినవారు వెంట తెచ్చుకున్నది. ఒగ్గు కథ గాని యక్షగానం గాని సాగుతుండగా చూసేవారిలో ఎవరైనా లేచి వంద రూపాయలో రెండు వందలో చదివిస్తే కథకుడు కథను ఆపి, ఇచ్చినవారి పేరు, ఇంటి పేరు, ఊరి పేరు గట్టిగా పలికి దీవెన చెబుతాడు, వంతలు ఆ దీవెనను ఎత్తుకుంటారు, డోలు ఒక ముక్తాయింపు కొడుతుంది, కథ మళ్ళీ ఆగిన చోటు నుంచి సాగుతుంది. అక్కడ మైకులో వినిపించేది పుచ్చుకున్నవారి పేరు కాదు, ఇచ్చినవారి పేరు. డబ్బు జట్టు ముందు పరిచిన తువాలులో పడుతుంది. తెల్లవారి ఆట ముగిశాక డోలు కొట్టినవాడూ తాళం వేసినవాడూ వంత పలికినవాడూ దాని చుట్టూ కూర్చుని లెక్క చూసుకుంటారు.